కాలరు కింద కుట్టు

ఉదయం, వంటగది బల్ల దగ్గర: కళ్ళలో శుక్లాలు తీయించుకున్న దర్జీ, తెల్లకోటు తొడుక్కొని బయలుదేరబోతున్న కూతురు.

"ఉప్పుడబ్బా స్థానభ్రంశం చెందిన ఇంట్లో ధర్మం ఎంతోకాలం నిలవదు, అమ్మాయ్!"

"నీ ముందే ఉంది నాన్నా. చెయ్యి చాపు."

"ఎటు చాపను? దశదిశలా పొగమంచు."

"ఆపరేషనయ్యాక కూడా పొగమంచేనా? నిన్న డాక్టరుగారు కళ్ళు అద్దాల్లా ఉన్నాయన్నారుగా."

"ఆయన నా కళ్ళని చూశాడు. నా కళ్ళతో చూశాడా?"

"వేళాకోళం వద్దు. నీకోసం మానేసిన ఉద్యోగం. ఇవాళ చేరకపోతే ల్యాబువాళ్ళు ఇంకొకరిని పెట్టుకుంటారు. నీకు చూపు ఆనకపోతే చెప్పు, వెళ్ళను."

"నేను వెళ్ళొద్దన్నానా? చూపు లేనన్నాళ్ళూ ఈ ఇల్లొక దర్బారు. పక్కన కూర్చుని పేపరు చదివేదానివి, చావు కబుర్లతో సహా. చెయ్యి పట్టుకొని వీధి చివరిదాకా ఊరేగించేదానివి. ఆ మహావైద్యుడు కంటిపొరతో పాటు సింహాసనమూ లాగేశాడు."

"అంటే కనిపిస్తోందా, లేదా?"

"లేదనే అనుకో."

"అనుకోవడం కాదు—"

"లేదు. లేదు. చాలా?"

"సరే. రానని ఫోన్ చేసేస్తాను. ఫోను ఆ గదిలో—"

"ఆగు! అలాగే నిలబడు. అదేం కోటు, అమ్మాయ్! కాలరు కింద కుట్టు ఊడి బెత్తెడు నోరు తెరిచింది. తెల్లకోటుకి గోధుమరంగు దారం వేసిన మహానుభావుడెవడు? వాడి చేతులు—"

"ఏ రంగు?"

"ఏది ఏ రంగు?"

"చెప్పు నాన్నా, ఏ రంగు దారం?"

"...గోధుమరంగు."

"పొద్దున నేనే విప్పి ఆ దారం వేశాను. ఊడిన కుట్టు చూసి నువ్వు ఊరుకోలేవుగా."

"కన్నకూతురివా, గూఢచారివా?"

"అడిగితే చెప్పవు. ఏం చెయ్యను?"

"సరే, ఇలా వచ్చి వెనక్కి తిరిగి కూర్చో. ఆ కోటుతో వీధెక్కితే నా వృత్తికే మచ్చ. సూదేదీ? ఓహో, తెల్లదారంతో సహా సిద్ధం చేశావా!"

"ఎక్కించనా?"

"అక్కర్లేదు. అదిగో, ఒక్కసారికే! నవ్వకు, కదిలితే గుచ్చుకుంటుంది."

"సాయంత్రం వచ్చి పేపరు చదువుతాలే."

"అప్పటికి నేనే చదివేసి ఉంటాను. తల వంచు."

"బస్సు వచ్చే వేళయింది నాన్నా. అయిందా?"

"తొందరపెట్టకు. కుట్టంటే తపస్సు."

"ఈపాటికి కొత్త కోటే కుట్టేసేవాడివి. ఇంకా ఎంతుంది?"

"ఎప్పుడో అయిపోయిందమ్మా. ఊరికే కాలరు పట్టుకొని కూర్చున్నాను."