నోట్లో పెన్సిల్

వడ్రంగి షాపు వెనక గుమ్మంలో బావ సిగరెట్ వెలిగించాడు. ఈమధ్యే సిగరెట్లు మానేసిన బామ్మర్ది పెన్సిల్ నములుతూ వెనకే వచ్చాడు.

“మానెయ్ బావా! నన్ను చూడు, ఎంత హాయిగా ఉన్నానో.”

“నీకు హాయే. గీత గియ్యడానికి షాపులో పెన్సిల్ ముక్క మిగలట్లేదు. నిన్న మీ అక్క కాటుక పెన్సిల్ తెచ్చి తలుపుకి కొలత పెట్టాను.”

“అందుకా అంత జిడ్డుగా ఉంది!”

“అదీ నమిలేశావా?”

“మాట మార్చకు. నీ దగ్గుకి అక్కకి కంటిమీద కునుకు లేదు. ఇప్పుడే, ఈ క్షణమే మానెయ్.”

బావ సిగరెట్ కింద పడేసి చెప్పుతో నలిపేశాడు.

“సరే, మానేశాను. అప్పుడే నాలుక పీకేస్తోంది. ఆ పెన్సిల్ ఇటివ్వు.”

బామ్మర్ది పెన్సిల్‌ని గుప్పిట్లో దాచేశాడు.

“ఇదొక్కటే ఉంది బావా. నువ్వు రేపట్నుంచి మానెయ్.”