రేడియో పెద్దాయన్ని చంపిన పూట

భిలాయి సెక్టర్ 4లో ఆదివారం ఉదయం. మేఘనకి ఇవాళ తాంబూలాలు. మగపెళ్ళివారు అదే ఊళ్ళో మరోదా కాలనీలో చుట్టాలింట దిగి టిఫిన్లు చేస్తున్నారు. అమ్మానాన్నలు స్వీట్ల కోసం బజారుకెళ్ళారు. ఇంట్లో మిగిలింది మేఘన, చిన్నమ్మలు అనే నానమ్మ, వరండాలో మంచం మీద దగ్గుతున్న తాత నరసింగరావు.

"కూకోవే అమ్మీ. కాలు కాలిన పిల్లిలాగ తిరుగుతన్నావు. నిన్ను చూసి నా కళ్ళు తిరుగుతన్నాయి."

"చుక్క ఇంకా మరోదాలోనే ఉంది నానమ్మా."

"ఏ చుక్క?"

"అబ్బాయి లైవ్ లొకేషన్ పంపాడు. ఇదిగో, నీలం చుక్క. ఇది కదిలిందంటే వాళ్ళు బయల్దేరినట్టే. బస్, పదిహేను నిమిషాల్లో ఇక్కడుంటారు."

"కదల్లేదు కదా. కూకో, జడేస్తాను."

"జడ వద్దు. ఏదైనా చెప్పు. మతలబ్, ఏదైనా సరే. నా బుర్ర ఆగట్లేదు."

"ఏటి చెప్పను? రేడియో పెద్దాయన్ని చంపేసిన పూట సంగతి చెప్పనా?"

"ఏ పెద్దాయన?"

"ఎమర్జెన్సీకి ఎదురు నిలబడ్డాడే, ఆయన. డెబ్బై తొమ్మిదిలో మాట. బొంబాయి ఆసుపత్రిలో ఉన్నాడు పాపం. ఓ మధ్యాన్నం పోయినాడని రేడియోలో చెప్పేసినారు. పార్లమెంటులో లేచి నిలబడి మౌనం కూడా పాటించేసినారు. బళ్ళకి సెలవు. కొట్లు కట్టేసినారు. మన మిఠాయికొట్టువాడు జిలేబీలు పాకంలోనే ఒగ్గేసి షట్టరు దించేసినాడు."

"తరవాత?"

"తరవాతేటి, ఆయన బతికే ఉన్నాడు."

"క్యా?"

"ఆ. ఇంకో ఆరు నెలలు బతికినాడు."

"ఫేక్ న్యూసా? వాట్సాప్ లేకుండానే?"

"మాకు వాట్సాప్ ఎందుకే, సర్కారే ఉండగా."

"ఒసేయ్ చిన్నమ్మలూ, టీ ఏమైందే?"

"పెడతన్నానండీ. ముందు ఆ దగ్గు ఆపండి, వీధి చివరికి వినపడతన్నాది. ...ఆ, ఏటి చెప్తన్నాను? ఆవేళే నాకు తాంబూలాలు."

"తాతయ్యతో?"

"తాతయ్యతో ఏటి. బిలాస్‌పూర్ రైల్వే గుమస్తాతో."

"నానమ్మా, ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు."

"నువ్వు అడగలేదు. కదిలిందేటి నీ చుక్క?"

"లేదు. చెప్పు, చెప్పు."

"ఇదే లైన్లో మా క్వార్టరు. పక్కది మీ తాతయ్యోళ్ళది. మీ తాతయ్యకి కొత్త ట్రాన్సిస్టరు, లైను మొత్తానికి అదొక్కటే. మా ఇంట్లో పళ్ళెం సర్దినాం, ఆకులు, వక్కలు, అరటిపళ్ళు. మగపెళ్ళివారు చాప మీద కూకున్నారు. అప్పుడు పక్కింట్లోంచి వార్త. గుమస్తా వాళ్ళ నాన్నకి ఆ పెద్దాయనంటే దేవుడు. ఫోటో జేబులో ఎట్టుకు తిరిగేవాడు. గుండెలు బాదుకున్నాడు. ఇలాంటి రోజున శుభం మాట్లాడితే కళ్ళు పోతాయి, లేవండి అన్నాడు. సాయంత్రం బండికి ఎల్లిపోనారు. ఇంటికెళ్ళి, పిల్ల అడుగు మంచిది కాదని కబురెట్టినారు."

"ఉండు ఉండు. వార్త మధ్యాన్నం. బండి సాయంత్రం. అంతసేపూ ఎవరూ మళ్ళీ రేడియో పెట్టలేదా? ఆయన బతికే ఉన్నాడని తెలిసేది కదా."

"బేటరీలు అయిపోనాయి."

"సరిగ్గా అప్పుడే?"

"అయిపోనాయి అన్నాను కదా. అయిపోవా?"

"అయిపోడమేటి! ముందురోజే కొత్తవి ఏసినాను!"

"మీరూరుకోండి. మీకు వినపడదు గాని ఇలాంటివే వినపడతాయి."

"నానమ్మా."

"ఏటి?"

"బేటరీలు ఏమయ్యాయి?"

"...కందిపప్పు డబ్బాలో ఉన్నాయి."

"నువ్వు దాచావా?"

"మరేటి చెయ్యను? ఈ వెర్రిబాగులోడు పెరటి గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చి, చిన్నమ్మలూ, ఆయన పోలేదట, బతికే ఉన్నాడట అన్నాడు. సంతోషంగా వీధంతా చెప్పడానికి బయల్దేరిపోతన్నాడు. రేడియో లాక్కున్నాను. బేటరీలు పీకేసినాను. బండి టైము దాటేదాకా నోరు తెరిస్తే నీతో జన్మలో మాట్లాడనన్నాను."

"తెరవలేదా?"

"ఇప్పటికీ సరిగ్గా తెరవడు, టీకి తప్ప."

"మతలబ్, అప్పటికే తాతయ్యంటే ఇష్టమా?"

"ఇష్టమో కాదో అప్పటికి తెలీదే. బిలాస్‌పూర్ వద్దని మాత్రం తెలుసు. టైపు నేర్చుకుంటన్నాను, పెళ్ళైతే మానేయాలన్నారు వాళ్ళు. తల ఊపినాను. ఊపిన తలకాయే రాత్రంతా నొప్పెట్టింది."

"వద్దని తెలిస్తే చాలా?"

"ముందది తెలిస్తే చాలు. ఏది కావాలన్నది తరవాత తెలుస్తాది."

"చుక్క ఇంకా కదల్లేదు."

"అలా గోళ్ళు కొరక్కు. నెత్తురొస్తాది. ఏటి సంగతి?"

"ఏం లేదు."

"సరే, ఏం లేదు."

"ఉద్యోగం మానేయాలట నానమ్మా. అబ్బాయి వాళ్ళమ్మ సత్యవాణి ఆంటీ ఫోన్లో అన్నారు. హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీలో లేత్ మిషన్ల మధ్య ఆడపిల్లకి పనేంటమ్మా అని. నేను నవ్వాను. నవ్వితే ఒప్పుకున్నట్టయింది."

"అబ్బాయి ఏటన్నాడు?"

"అమ్మ ఎలా అంటే అలా అన్నాడు."

"మీ నాన్నకి చెప్పినావా?"

"ఎలా చెప్పను? పాపా పొద్దున్న రెండుసార్లు షేవ్ చేసుకున్నారు. రెండోసారి పాట పాడుకుంటూ. ఆయన పాడగా నేనెప్పుడూ వినలేదు. ఒక్క రోజు టైముంటే చెప్పేదాన్నేమో. నిన్న చెప్దామనుకున్నా, మొన్న కూడా... నానమ్మా, కదిలింది."

"ఏది?"

"చుక్క. కదిలింది. బయల్దేరారు. ఇప్పుడేం చెయ్యను? పాపా ఇంకా బజార్లోనే ఉన్నారు. వాళ్ళు ముందొచ్చేస్తే..."

"కూకో."

"నువ్వేం చేశావు? వాళ్ళు వెళ్ళిపోయాక?"

"ఆ పొద్దుగూకాక మా నాన్న ఒక్కడూ కూకుని పళ్ళెంలో అరటిపళ్ళు తింటన్నాడు. పక్కన కూకున్నాను. ఓ పండు నానూ తిన్నాను. అప్పుడు చెప్పేసినాను, మళ్ళీ వాళ్ళొస్తే నాకొద్దని. కొడతాడనుకున్నాను. ఇంకో పండు ఒలిచి ఇచ్చినాడు. నాకు పూట దొరికింది. పూట దొరికితే నోరు తిరుగుతాది."

"నాకు పూట లేదు కదా. పదిహేను నిమిషాలు. పన్నెండేమో ఇప్పుడు."

"పూట నాను ఇప్పిస్తాను. మాట మాత్రం నీదే. నా కొంగు చాటున దాక్కుంటే కుదరదు. మీ నాన్నకి నువ్వే చెప్పాలి. చెప్తావా?"

"పాపా బాధపడతారు."

"పడతాడు. చెప్తావా?"

"...చెప్తాను."

"నాకు వినపళ్ళేదు."

"చెప్తాను. పాపా రాగానే చెప్తాను. స్వీట్లు కింద పెట్టకముందే."

"అయితే ఆ సత్యవాణికి ఫోను కలుపు."

"ఏం చెప్తావు?"

"కలపవే బేగి. ...హలో? అమ్మా సత్యవాణీ, నాను, చిన్నమ్మల్ని. దార్లో ఉన్నారేటి? అయ్యో తల్లీ, ఎలగ చెప్పను. కారు ఆపించండమ్మా. శుభమా అని బయల్దేరినోళ్ళు ఇవాళ ఈ గడప తొక్కకూడదు. ...అవునమ్మా. పెద్దాయన. ఇప్పుడే. టీ అడిగినారు, ఇచ్చేలోగానే... లేదు లేదు, చూడ్డానికి రావద్దు, మీకూ మైల. మరోదా తిరిగెల్లిపోండి. ఉంటానమ్మా, నాకు మాట రావట్లేదు."

"నానమ్మా. నువ్వు... తాతయ్యని..."

"చుక్క ఏటంటన్నాది?"

"ఆగింది. ...వెనక్కి తిరుగుతోంది."

"మరేటి."

"కానీ అలా అనొచ్చా? అపశకునం కదా?"

"అబద్ధపు చావుకబురు ఆయుష్షు పెంచుతాదే. ఆ పెద్దాయనకి పెంచలేదేటి? అదిగో, గేటు చప్పుడు. మీ నాన్న. ఎల్లు, వాడు స్వీట్లు కింద పెట్టేస్తాడు."

"వస్తున్నా పాపా, అక్కడే ఉండు. నీతో మాట్లాడాలి."

"ఒసేయ్ చిన్నమ్మలూ, టీ ఏదే?"

"టీ తరవాతండీ. ఓ గంటసేపు దగ్గకుండా పడుకోండి. మీరు పోయినారు."