కదలని రేటు

డాలర్లు మార్చే చిన్న కొట్టు. షట్టర్ సగమే లేచి ఉంది, రేటు బోర్డు వీధివైపు తిరిగి అద్దానికి వేలాడుతోంది. బావ కౌంటర్ వెనక కూచున్నాడు. బావమరిది కూచోమన్నా కూచోడు. ఇంకాసేపట్లో షేర్ మార్కెట్ తెరుస్తారు.

"...వంగి దూరాల్సొచ్చింది బావా. ఆ షట్టర్ పూర్తిగా లేపొచ్చుగా?"

"లేపుతాలే."

"సరే, విను. డాలరు ఎక్కితే బయటివాళ్ళ డబ్బు పారిపోతుంది, షేర్లు పడతాయి. దిగితే ఆ డబ్బే వెనక్కొస్తుంది, షేర్లు లేస్తాయి. అవునా?"

"ఒక్కోసారి."

"ఒక్కోసారేంటి!"

"సరుకు బయటికి అమ్ముకునే కంపెనీలకి డాలరు ఎక్కితేనే లాభం. అప్పుడు రెండూ కలిసి ఎక్కుతాయి. ఒక్కోసారి షేర్లే ముందు పడతాయి, డాలరు తర్వాత కదులుతుంది. ఇన్నేళ్ళుగా ఇక్కడే కూచున్నా, ఏది దేన్ని లాగుతుందో నాకు అంతుపట్టలేదురా."

"నాకు పట్టింది. కదిలితే కదా ఆ గొడవంతా? అసలు కదలకపోతే?"

"కదలకపోతే?"

"డెబ్బై ఏడు దగ్గర ఆగిపోయింది, రెండు నెలలుగా. ఉలుకూ లేదు, పలుకూ లేదు. డాలరు అలా గుండ్రాయిలా కూచుంటే బయటివాడికి భయం పోతుంది, డబ్బు తెచ్చి పోస్తాడు. ఈ రెండు నెలలూ మార్కెట్ లేస్తూనే ఉంది, చూశావా?"

"ఫోన్లో చూసుకోవేంట్రా రేటు?"

"ఫోన్లోది బ్యాంకులూ బ్యాంకులూ చెప్పుకునే రేటు. మనిషి చేతికొచ్చేది నీ బోర్డు రేటే. నిజం ముందు రోడ్డుకే తెలుస్తుంది బావా. రోజూ సిగ్నల్ దగ్గర వ్యాను ఆగినప్పుడు అక్కణ్ణుంచే చూసుకుంటా."

"లోపలికొస్తే టీ అయినా ఇచ్చేవాణ్ణి."

"రాబుద్ధి కాలేదు. అక్క లేని కొట్టు... సరేలే. అక్క పోయినా బోర్డు మాత్రం ఆపలేదు నువ్వు. గట్టివాడివి."

"టీ తాగుతావా?"

"సార్, లోపలున్నారా? డాలర్లు కొనాలి."

"లేవండి. ఎదురు కొట్లో అడగండి."

"మొన్నా అదే అన్నారు. బోర్డు మీద రేటు పెట్టి లేవంటే ఎలాగండీ?"

"ఎదురు కొట్లో అడగండి."

"...అదేంటి బావా, వచ్చిన బేరాన్ని వెనక్కి పంపేశావ్?"

"ఒంట్లో బాలేదు. వ్యాను ఎక్కడ పెట్టావ్?"

"అమ్మేశా."

"ఏంటీ?"

"నిన్న. ఆ డబ్బంతా ఇవాళ మార్కెట్ తెరవగానే పెట్టేస్తున్నా. బ్రోకరు ఫోన్ చేస్తాడు, ఊఁ అంటే చాలు."

"పోతే? రేపట్నుంచి ఏం తోల్తావురా? ఇంట్లో పిల్లలున్నారు."

"పోదు."

"మీ ఆవిడకి తెలుసా?"

"చెప్తాలే."

"ఆ వ్యాను మీద నంబరు మీ అక్క రాసింది."

"తెలుసు. ఏడుకి నడుం కట్టి మరీ రాసింది. అడ్డగీత లేకపోతే ఒకటి అనుకుంటార్రా అని చిన్నప్పుడు ఎన్ని మొట్టికాయలో! కొన్నవాడు చెరిపించి కొత్తగా రాయిస్తాడట."

"చెరిపించేస్తాడా."

"చెరిపిస్తే ఏంటి బావా? నాకిప్పుడు ఏదీ ఏమీ అనిపించట్లేదు. ఆ రోజు ఏడుపు కూడా రాలేదు, చూశావుగా. ఈ అంకెలు చూస్తుంటే పొద్దు గడిచిపోతోంది, అంతే."

"నాకూ అంతే."

"ఇదిగో, మోగుతోంది. హలో? ఆఁ, తెరిచారా? ఒక్క నిమిషం, లైన్లో ఉండండి. బావా, ఒక్క మాట. నీ నోటితో చెప్పు చాలు. రేపు బోర్డు మారుతుందా?"

"మారదు."

"అదీ! నువ్వే అంత గట్టిగా చెప్తున్నావంటే..."

"పెట్టకురా."

"మారదంటావ్, పెట్టకంటావ్. ఏంటి నీ గోల?"

"ఆ బోర్డు ఇటు తిప్పు. సిగ్నల్ దగ్గర్నుంచి కాదు, దగ్గరగా చూడు."

"చూడ్డానికేముంది, డెబ్బై ఏడు. రెండు ఏడులు, పక్కపక్కన..."

"చూడు."

"బావా... ఏడుకి నడుం కట్టుంది."

"ఊఁ."

"సార్? లైన్లో ఉన్నారా? వేసేయమంటారా?"

"వద్దండి. ఏమీ వద్దు. ఫోన్ పెట్టేయండి... బావా, ఇదెప్పుడు రాసింది?"

"ఆస్పత్రికి బయల్దేరే ముందు. సాయంత్రం వచ్చి నేనే మారుస్తా, నువ్వు చెయ్యి పెట్టకు అంది."