మునిరత్నమ్మ మర్సిపోయిన మాట

ఏం జోయలూ, శ్రీ సిటీలో షిఫ్టు దిగి నేరుగా ఈడికే వచ్చినట్టుండావే? కూర్చో నాయనా. ఏందీ, ఈ ఆదివారం ప్రసంగం నీకిచ్చినారా? మంచిదప్పా. ఏం గావాల? నా నోట్సా! పదేండ్లలో అట్ల అడిగినోడివి నువ్వొక్కడివే. ఆ ట్రంకుపెట్టెలో ముప్పై రెండు నోటుబుక్కులుండాయి, ఎత్తుకుపో. చెదలు గూడా సగం తిని ఇడిసిపెట్టినాయి, రుచి లేక. నవ్వొద్దు, నిజమే చెప్తా ఉండా. బడిలో నేను తెలుగు అయివారు, ఆదివారం చర్చిలో ఉపదేశి. వడమాలపేట నుంచి పుత్తూరు దాకా బైబిలు వాక్యంలో నాయంతటోడు లేడని పేరు. ఆ పేరు ఎవురు పెట్టినారంటావా? నేనే పెట్టుకున్నా. నా ఇంటిది, మీ గ్రేసీ అవ్వ అనేది, 'ఈయన బైబిల్లో ఓడ ఎన్ని మూరల పొడుగో చెప్తాడు, ఇంట్లో ఉప్పు డబ్బా యాడుండాదో చెప్పమనండి సూద్దాం' అని.

నోట్సు సంగతి అట్లుండనీ. నీకు మునిరత్నమ్మను గురించి చెప్పాల. నువ్వు చూసుండవు, ఆయమ్మ పోయి శానా ఏండ్లయింది. మామిడి రసం తీసే ఫ్యాక్టరీలో కాయలు కోసేది. ఎండాకాలమంతా సొన తగిలి వేళ్ళు తోలు ఊడిపోయి ఉండేవి. అక్షరం రాదు. బాప్తీస్మమప్పుడు 'పేరు మార్చుకో మే' అని నేనంటే, 'దేవుడు నన్ను ఈ పేరుతోనే కదా సారూ పిల్సింది, మారిస్తే ఆయన మళ్ళీ గుర్తుపట్టద్దా?' అనింది. ఆ పొద్దే అనుకున్నా, ఈయమ్మతో నాకు అగసాట్లే అని.

ఆయమ్మకి ఒగడే కొడుకు, గుణశేఖరు. రేణిగుంట రోడ్డులో లారీ గుద్ది పోయినాడు. నాలుగో రోజే మళ్ళీ పనికి పోయింది, పోకపోతే ఇల్లు గడస్తాదా? ఆ ఆదివారం చర్చిలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పేటప్పుడు లేసి నిలబడింది. 'కత్తి పట్టుకుంటే చేతులు ఆడలేదయ్యా. కాయలు గుట్టగా పడుండాయి. అప్పుడు యేసయ్య వచ్చి నా పక్కన పీట వేసుకొని కూర్చున్నాడు. నాతో బాటు కాయలు కోసినాడు' అనింది. నేనేం చేసినా? కండ్లద్దాలు సవరించుకొని, 'అమ్మా, కూర్చో. దీనికి వాక్యంలో ఆధారం లేదు' అన్నా. బిడ్డను పూడ్చిపెట్టి వారం గాలేదు ఆ తల్లి, నాకు ఆధారం కావాల్సొచ్చింది. అప్పుడే నన్ను ఎవురైనా చెప్పుతో కొట్టుంటే బాగుండు. కొట్టలా. పైగా పెద్దలంతా 'బాగా చెప్పినారు సారూ' అన్నారు.

మర్నాడు సందకాడ కొత్త బైబిలు సంకన పెట్టుకొని మా ఇంటికొచ్చింది. తిట్టేదానికి వచ్చిందనుకొని నేను లోపలికి పోయి గ్రేసీని ముందుకు తోసినా. మన ధైర్యం అట్లాంటిది. ఆయమ్మ తిట్టలా. 'ఆధారం యాడుంటాదో సదివి సూపించు సారూ. నేను సూసింది నిజమో, దుఃఖంలో మతి పోయిందో, నాకే బయ్యంగా ఉండాది. రాతలో గూడా ఉంటే ధైర్యం గదా' అనింది. లేదని నిరూపించాలనే నేను ఒప్పుకున్నా. ప్రతి గురువారం నేను సదవతా, ఆయమ్మ గడప కాడ కూర్చొని ఇంటాది. ఏడాదిన్నర! మామిడికాయ యాడా తగల్లా, నాకు లోలోపల సంతోషంగానే ఉండాది. ఒగ గురువారం, రేయంతా చేపలకి పోయి అలిసిపోయి గట్టుకొచ్చిన శిష్యులకి, సచ్చి లేసిన యేసయ్య నిప్పులు చేసి చేపలు కాల్చిపెట్టే చోటు సదవతా ఉండా. 'ఆగు సారూ' అనింది. 'సావునే గెలిసినోడు, పొయ్యి ముట్టించినాడా? తానేనా? అయితే నాతో కాయలు కొయ్యడం ఆయనకొక లెక్కా?' కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని ఏడ్సింది. కొడుకు పోయినాక ఆయమ్మ ఏడ్సింది ఆ పొద్దేనంట. అప్పుడు నేనేం చేసినా? ఆ పుస్తకం మొదట రాసిన గ్రీకు భాషలో నిప్పులను ఏమంటారో చెప్పినా. ఆ మాట గూడా తప్పేనని తర్వాత తెలిసింది.

ఆ మరుసటేడు మీ గ్రేసీ అవ్వకి మెదడులో నరం చిట్లింది. తిరపతిలో ఆస్పత్రిలో నాలుగు రోజులు కండ్లు తెరవలా. ఊళ్ళో అందరి మంచాల పక్కనా ప్రార్థన చేసినోణ్ణి, నా పెండ్లాం మంచం పక్కన ఒగ మాట రాలేదబ్బా. బైబిలు తెరిస్తే అక్షరాలు చీమల మాదిరి పాకతా ఉండాయి. మిట్టమధ్యాన్నం మునిరత్నమ్మ సంగటి క్యారియరు ఎత్తుకొని వచ్చింది. ఓదార్పు మాట ఒగటీ చెప్పలా. 'కాపరి కీర్తన నోటికి నేర్సుకున్నా సారూ, ఒప్పజెప్తా, తప్పుంటే దిద్దు' అనింది. ఈడ మనిషి చావుబతుకుల్లో ఉంటే పాఠం ఒప్పజెప్పేదానికొచ్చిందే అని నాకు మండింది. దేవుడు కాపరి మాదిరి మనల్ని పచ్చగడ్డికి, ఆనెక నీళ్ళకి తోలకపోతాడనే పాట అది. మొదలుపెట్టింది. గడ్డి చెప్పాల్సిన చోట నీళ్ళు చెప్పింది. అయివారి బుద్ధి యాడికి పోతాది? 'అది గాదు మే, గడ్డి ముందు' అన్నా. మళ్ళీ తప్పింది, మళ్ళీ దిద్దినా. అట్లట్ల చీకటి లోయ కాడికి వచ్చినాం. ఆడ ఆగిపోయింది. 'ఈడ మర్సిపోయినా, నువ్వు చెప్పు సారూ.'

నీకు తెలుసు కదా, ఆ కీర్తన పాడినాయన అంతదాకా దేవుణ్ణి 'ఆయన, ఆయన' అంటా వస్తాడు. లోయలోకి దిగినాక 'నువ్వు నాకు తోడుండావు' అని, 'నువ్వు' అంటాడు. ప్రథమ పురుష పోయి మధ్యమ పురుష వస్తాది. దీని మీదే నేను నలభై ప్రసంగాలు చేసుంటా, జనం చప్పట్లొకటే తక్కువ. ఆ పొద్దు నోరు తెరిచి 'నువ్వు' అన్నా. అంతే, ఆడ తట్టుకొని ఆగిపోయినా. ఎవుర్ని అంటా ఉండా నేను? ముప్పై ఏండ్లు ఆయన్ని గురించి చెప్పినోణ్ణి, ఆయన్నే ఒగసారైనా 'నువ్వు' అని పిల్సింది లేదు. మైకులో పిల్సింటా, అది లెక్క గాదు. మంచం కోడు పట్టుకొని ఆ ఒగ మాటే మళ్ళీ మళ్ళీ అన్నా. పక్క మంచం వాళ్ళు నర్సును పిల్సినారు, సారుకి ఏమో అయిందని. అయింది మరి. ఎవురో ఇన్నారు జోయలూ. అంతకన్నా చెప్పేదానికి నాకు రాదు, తెలుగు అయివారినే గానీ.

గ్రేసీ శుక్రవారం పోయింది. లేసి కూర్చునిందని చెప్తాననుకున్నావా? నేనూ అదే అనుకున్నా.

అన్నీ అయినాక ఒగ రోజు అడిగినా, 'నిజ్జంగా మర్సిపోయినావా మునిరత్నమ్మా ఆ మాట?' అని. 'మర్సిపోతానా సారూ? నా బిడ్డ పోయినప్పట్నుంచి కాయలు కోసేటప్పుడు రోజూ అనుకునేదే. ఆ మాట ఒగరి బదులు ఇంగొకరు చెప్తే కుదరదు' అనింది.

ఇప్పటికీ పొద్దన్నే లేసి ఆ మాట దాకా పోతా. కొన్ని దినాలు వస్తాది. కొన్ని దినాలు ప్రథమ పురుషలోనే నిలిచిపోతా, అలవాటు శానా చెడ్డది. నిన్న పొద్దన 'నువ్వు' అన్నా సూడు, అప్పుడు ఏమైందంటే... నిన్న...

మోడం కమ్మినట్టుండాది సూడు. మిద్ది మీద చింతపండు ఎండేసుండాం, పోయి రవంత ఎత్తుకురా నాయనా.