ఆదివారం తిల్లి కూర

సికింద్రాబాద్ స్టేషను ముందు బోయిన్‌పల్లి బస్సు కోసం నిలబడి, కూతురి రక్తం రిపోర్టును ఆ తల్లి అటూ ఇటూ తిప్పి చూసింది. చదువు రాదు, అడగడమే దిక్కు.

"ఏమన్నడు డాక్టరు? పెద్ద రోగమా?"

"రోగమే కాదమ్మా. నా ఎర్రకణాలు పుట్టుకతోనే చిన్నగ ఉన్నయట. ఇగ ఐరన్ గోలీలు మింగొద్దన్నడు."

"ఎల్లమ్మ తల్లీ, సల్లగ జూసినవ్! మరి రక్తం పడ్తదని ఆదివారమాదివారం మేక తిల్లి వండి పెడ్తి గద?"

"పదేండ్లు ముక్కు మూసుకొని గా ప్లీహం ముక్కలు తిన్న. తిండితోని అయ్యేది కాదట."

"అయ్యో బిడ్డా! మరి గిట్లెందుకు పుట్టినవ్?"

"ఎనకట మలేరియా జ్వరం ఊర్లకు ఊర్లు ఊడ్చుకపోతుంటే, గిసుంటి రక్తమున్నోళ్లకు అంత ముదరకపోతుండెనట. వాళ్లు బతికిన్రు కాబట్టే మనం పుట్టినం."

"మనమంటవేంది?"

"మొన్న నీ రక్తం సుత తీసుకున్నరు గద. నీది సుత గిదేనని గా కాయితంలనే రాసిన్రు. నీ నుంచే నాకొచ్చింది."

కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ తల్లి పాలిపోయిన ముఖం చూసి అత్త అనే మాట ఒక్కటే: పుట్టింట్లో దీనికి తిండి పెట్టలేదని.

"బస్సొచ్చింది, ఎక్కమ్మా."

"ఉండు. ముందుగాల బోయిగూడ పోదాం."

"నానమ్మ తానికా? ఇప్పుడెందుకు?"

"గా కాయితం నువ్వు గట్టిగ చదివి వినిపియ్యాలె. మా అమ్మ నన్ను కడుపు నిండ పెట్టే పెంచిందని."