రెండు పాదాలూ ఒకటేనట!

నమ్మరా? మానెయ్యండి! నా మాట మొదట్లోనే నమ్మినవాడు ఈ వీధిలో ఇంతవరకు పుట్టలేదు. చివరిదాకా విని నమ్మకుండా ఈ గుమ్మం దాటినవాడూ లేడు. ఆ స్టూలు లాక్కోండి, ఆఫీసరు బాబూ. అది కాస్త కుంటుతుంది, అంతే. ఈ కొట్టుకు వచ్చేవన్నీ కుంటేవే.

ఏమిటీ? నా కంప్యూటర్లో ఎడమమ్మ, కుడమ్మ అని ఇద్దరు దొంగ మనుషుల్ని ఎక్కించాననా మీ కంపెనీ అభియోగం? దొంగ మనుషులా! ఇద్దరూ నిక్షేపంగా ఉన్నారండీ. ఒకే ఒంటికి ఉన్నారు, అదే తేడా.

నేను బూట్లు కుట్టేది ఎవరికి? రెండు కాళ్లూ సమానంగా ఉన్నవాడు బజార్లో కొనుక్కుంటాడు. ఒక కాలు పొట్టిదయినా, ఒక మడమ వంకరయినా నా దగ్గరికి రావాల్సిందే. ఒకప్పుడు అడుగుల చప్పుడు విని, మనిషి మలుపు తిరక్కముందే తోలు కోసేసేవాణ్ణి. లోపలికి వచ్చేసరికి లేసులు కూడా కట్టి ఉండేవి. నవ్వకండి!

తర్వాత మా కోడలు మీ ప్రోగ్రాం కొంది. పాదాన్ని పెట్టెలో పెడితే ఫొటో తీస్తుంది, అచ్చు గీస్తుంది, ఆ మిషను తోలు కోస్తుంది. అబద్ధమెందుకు, బంగారంలా పనిచేసింది. అది చూసి మీవాళ్లకు కన్ను కుట్టిందో ఏమో, కొత్త వెర్షన్ కొనకపోతే పాతది ఆగిపోతుందన్నారు. కొన్నాం. అంతే! ఆ మర్నాటి నుంచి లోకంలో కాళ్లన్నీ సమానమైపోయాయి.

కుడి పాదం ఎలాగైనా ఉండనివ్వండి, ఎడమదాన్నే అద్దంలో తిప్పినట్టు గీసి పారేస్తోంది. ఫోన్ చేశాను. పాపం, ఆ అమ్మాయి గొంతు తేనె. "అది లోపం కాదండీ, సదుపాయం. రెండు పాదాల్నీ సరిచేసి ఇస్తుంది" అంది. కన్నతల్లి వల్లే కానిది నీ వల్ల అవుతుందా తల్లీ, అన్నాను. ఆ సదుపాయం ఆపాలంటే ఇంకా పెద్ద ప్యాకేజీ కొనాలట! అని చెప్పి, లైన్లో ఉండమని పాట పెట్టేసింది. ఆ పాట అయ్యేలోపు ఒక పటాలానికి బూట్లు కుట్టేశాను. సరే, పటాలానికి కాదు. ఒక చెప్పుకు పట్టీ వేశాను.

అప్పుడొచ్చింది, బస్సు నడిపే ఆవిడ. వీధంతా తుఫాను అని పిలుస్తుంది. కుడికాలు పొట్టి. నేను ఎత్తు వేసిన బూటు లేకపోతే బ్రేకు అందదు. పాత బూటేమో అరిగి అట్టయిపోయింది. సోమవారం డిపోలో పరీక్ష. తప్పితే స్టీరింగు లాక్కుని, కిటికీ వెనక కూర్చుని టికెట్లు చింపమంటారు. "తాతా, నన్ను ఆ కిటికీలో కూర్చోబెట్టకు" అంది.

చేత్తో కోయొచ్చుగా అంటారా? ఉండండి, అక్కడికే వస్తున్నా.

ఉపాయం నాదే. సరే, మాట కోడలిది. ఆ మాట పుట్టించిన టీ నాది! ఆవిడ ఎడమ పాదాన్ని ఒక మనిషిగా ఎక్కించాం, కుడి పాదాన్ని ఇంకో మనిషిగా. ఒక్కొక్కరికీ చక్కని సమానమైన జత గీసి ఇచ్చింది మీ మేధావి ప్రోగ్రాం. జతలో ఒకటి వాడాం, ఒకటి మూలన పడేశాం. తోలు పోయిందని ఏడవాల్సింది నేను కదా, మనుషులు పెరిగారని మీరు ఏడుస్తారేమిటి?

లైసెన్సు రద్దు చేస్తారా? చేద్దురుగాని. ముందు ఆ బూట్లు విప్పండి. విప్పండి బాబూ, నా ముందు సిగ్గేమిటి! ఈ పెట్టెలో ఒక కాలు పెట్టండి. ఇప్పుడు రెండోది. చూశారా? కుడి బొటనవేలు నలిగి ఎర్రబారింది. మీరు మెట్లెక్కుతున్నప్పుడే విన్నాను. మీ పాదాలే మీ కంపెనీ మాట వినడం లేదు, నా ఖాతాదార్లు వింటారా?

ఇక చేత్తో కోయడం సంగతి. ఆ గ్లాసు ఇలా ఇవ్వండి. చూశారుగా, నీళ్లు ఎలా ఒలుకుతున్నాయో. మీ మిషనే ఇప్పుడు నా చెయ్యి. దానికి అద్దె అడిగారు, ఇచ్చాను. ఏ కాలు ఎలా ఉండాలో కూడా మీరే చెబుతామంటే మాత్రం, ఉహుఁ! రేపు ఇంకో ఎడమమ్మను ఎక్కిస్తాను. ఆపేస్తారా? వణుకుతూనే కోస్తాను. వంకర కాలికి వంకర గీతే కుదురుతుందేమో, ఎవరు చూశారు!

ఆవిడ పరీక్ష నెగ్గిందనడానికి సాక్షి కావాలా? అదిగో, మలుపులో హారన్. రాసుకోండి, పేరు తుఫాను. నమ్మకం కుదరకపోతే ఆ ఉత్తికాళ్లతోనే వెళ్లి రోడ్డు మధ్యన నిలబడండి.

బ్రేకు పడుతుంది.