బాతు పెట్టె మీద పడ్డ మాట

"మీది కంప్యూటర్ కాదండి, చచ్చిపోయిన డబ్బా. పాడె కట్టించుకోండి" అని రాసీసినాడంట ఆ కాకినాడోడు. తిట్టడం తిట్టడం 'అండి' ఎట్టి మరీ తిట్టినాడు. ఎల్లాజీ అది సదివినాడు, మల్లీ సదివినాడు. పక్కన అన్నం పల్లెం మీద ఈగలు ముసురుతన్నాయి, ఆడికి తెలీదు. ఎడం సేత్తో టక్కు టక్కుమని తిరగరాస్తన్నాడు. ఆడి పెల్లాం కాసులమ్మ బోటు సంఘం గదికొచ్చి పల్లెం తీసీసి "ఎవుడు మావా ఈయేల" అనడిగింది. "ఎవుడేటే, ఆడే, సక్రధరు." "మొన్న ఆడి నోరు మూయించీసినానన్నావు." "మొన్నటిది మూయించీసినాను. ఇది కొత్తది." అలగ రెండేల్ల బట్టీ ఆడి నోరు ఈడు, ఈడి నోరు ఆడు మూయించుకుంతానే ఉన్నారంట, ఒక్క నోరూ మూతబడలేదు.

ఈ ఎల్లాజీ ఎవుడంటే, గెడ్డపాలెం అని సముద్రం ఒడ్డున ఉందిలే, మా అక్కనిచ్చిన ఊరు, ఆ ఊరోడు. బోటు మీద కలాసీగా ఎల్లేవోడు. వల లాగే తాడులో పడి కుడిసేతివి మూడు ఏల్లు పోనాయి. మరింక ఎవుడు ఎక్కించుకుంతాడు బోటు? ఒడ్డున కూకున్నాడు. అప్పుడేమైందంటే, బోటు సంఘం గదిలో ఓ పాత కంప్యూటర్ పడి ఉన్నాది, ఏదో ఆఫీసోల్లు ఇంక పనికిరాదని ఇచ్చీసింది. దాన్ని నొక్కితే పొద్దున్న నొక్కినోడికి మజ్జానానికి బొమ్మొచ్చీది. ఊరికొచ్చిన ఓ మేష్టారు దాని లోపల ఉన్నదంతా తుడిసీసి, లినక్సు అని ఇంకోటి ఎక్కించినాడంట. ఎక్కిస్తే అది లెగిసి పరిగెట్టింది. తెర మీద బాతు బొమ్మ ఒకటి. బాతు కాదంట, మంచు దేశంలో ఉండే పిట్టంట, ఎల్లాజీ పది సార్లు సెప్పినాడు, ఊరోల్లు బాతు పెట్టె అనే అన్నారు. నానూ బాతనే అంతాను, నానేటి మంచు దేశం ఎల్లొచ్చినానా. ఆ మేష్టారు దగ్గర నేర్చుకుని ఎల్లాజీ ఊర్లో బోట్లన్నిటికీ కాయితాలు ఆ పెట్టె మీదే సేసీవోడు. లైసెన్సులు, డీజిలు రాయితీ, ఇన్సూరెన్సు, అన్నీ. సంఘం నెలకింత అని ఇచ్చీది. కలాసీగా ఉన్నప్పుడు ఒరే అని పిలిసినోల్లు ఇప్పుడు ఎల్లాజీ బాబూ అని గుమ్మం దగ్గర నిలబడీవోరు. మరి ఆ పెట్టెనేటన్నా అంటే ఆడు పడతాడేటి?

అయితే అందరూ వాడేది అది కాదు కదా. అందరూ వాడేది ఇంకోటి ఉన్నాది, దాని పేరు నా నోరు తిరగదు, అందరూ వాడేది అనే అనుకో. ఫోన్లో 'కంప్యూటర్ కబుర్లు' అని ఓ గుంపు ఉందంట, ఎక్కడెక్కడి తెలుగోల్లో అందులో కూకుని ఏది గొప్పని కొట్టుకుంతారు. ఎల్లాజీ అందులో సేరినాడు. నాది డబ్బులెట్టి కొనక్కర్లేదు, పాత పెట్టెలో నడుస్తాది, లోపలేటున్నాదో ఎవుడైనా ఇప్పి సూసుకోవొచ్చు అని ఈడు రాస్తే, కాకినాడలో కంప్యూటర్లు బాగుసేసే షాపు సక్రధరు "వందమందిలో ఇద్దరు వాడరండి దాన్ని. ఊరంతా రోడ్డు మీద ఎల్తుంటే మీరొక్కరూ గట్టు మీద పడి ఎల్తానంటారేంటండి" అని రాసీవోడు. "గట్టు మీద టోల్ గేటు లేదు" అని ఈడు. "ప్రింటర్ ఎట్టి చూపించండి ముందు" అని ఆడు. ఆ ప్రింటర్ మాటకి మాత్రం ఎల్లాజీ బేగి జవాబు రాసీవోడు కాదంట. ఎందుకంటే దాన్ని పని సేయించడానికి ఈడు వారం రోజులు తిండి మానీసి కూకున్నాడు, అది కాసులమ్మకి తెలుసు, గుంపుకి తెలీదు. ఇంకోటేటంటే, ఈడు గుంపులో రాసేది ఆ పెట్టె మీదే రాస్తాడు, ఫోన్లో రాయడు. "దాని పరువు దాంతోనే నిలబెట్టాల" అంతాడు. అదొకటి ఆడికి.

సరే, పాడె కట్టుకోమన్న రోజు ఎల్లాజీకి నిజంగా కడుపు మండింది. ఇప్పుడు మీకో సంగతి సెప్పాల. ఆ ఊర్లో పడవ మీద సావు మాట అనకూడదు. పాత పడవ అను, తుక్కు పడవ అను, నవ్వుకుంతారు. సచ్చింది, మునుగుతాది అన్నావనుకో, అది తప్పు. ఆ మాట పడిన పడవ ఎవుడూ ఎక్కడు. ఒడ్డునెట్టీసి వేపమండ కట్టెస్తారు. అన్నోడు సొయంగా వొచ్చి, పసుపునీల్లు పోసి, కొబ్బరికాయ కొట్టి, పెద్దల కాడ తప్పు డబ్బు కట్టాల, అప్పుడు గానీ అది నీట్లోకి దిగదు. మా బావ ఒకసారి తాగీసి అని తప్పు కట్టినాడు, అందుకే నాకు తెలుసు. ఎల్లాజీ ఏటి సేసినాడంటే, తిన్నగా పెద్ద బండియ్య కాడికెల్లి తగువెట్టినాడు. బండియ్య ఊరి పెద్ద, సంఘానికీ ఆడే పెద్ద. మర్నాడు జనమంతా సంఘం గది ముందర కూకున్నారు. "మీకు పడవెలగో నాకిది అలగ. దీని మీద సావు మాట పడింది" అని ఎల్లాజీ ఆ రాసింది సదివి వినిపించినాడు. ఆడి మనసులో ఏటంటే, ఊరు ఊరంతా కలిసి కాకినాడోడిది తప్పు, బాతు పెట్టే గొప్ప అని తీర్పు సెప్తే దాన్ని గుంపులో ఎట్టుకుందామని.

బండియ్య అంతా విన్నాడు. "ఊరి బోట్లన్నీ దీని మీదుగానే కదేటి సముద్రంలోకి ఎల్తన్నాయి" అనడిగినాడు. అవునన్నారు. "అయితే ఇది పడవే." ఎల్లాజీ పొంగిపోయినాడు. "పడవ మీద సావు మాట పడితే ఏటి సేస్తాం?" ఒడ్డునెట్టేస్తాం అన్నారు జనం. "మరెట్టీండి" అన్నాడు బండియ్య. ఇద్దరు మనుసులు లోపలికెల్లి పెట్టె మీద టార్పాలిను కప్పీసి, వేపమండ ఎట్టి, తలుపు జేరేసీసినారు. కాకినాడోడు వొచ్చి తప్పు కట్టిందాకా దాన్ని ఎవుడూ ముట్టకూడదు. "అలగ కాదు బండియ్య మావా, నాను సెప్పిందేటంటే" అంతన్నాడు ఎల్లాజీ. "నువ్వు సెప్పిందే సేసినాం కదరా" అన్నాడాయన.

అప్పటికి వేట బందు. సముద్రంలో సేపలు గుడ్లెట్టే రోజులు, బోట్లన్నీ ఒడ్డునే ఉంతాయి. బందు తియ్యకముందే కాయితాలన్నీ కొత్తవి సేయించుకోవాల. ఇప్పుడు పెట్టె లేదు. జనం ఆటోలెక్కి టౌనుకెల్లి, అక్కడ షాపు ముందర వరసలో నిలబడి, సాయంత్రానికి ఉత్తిసేతుల్తో వొస్తన్నారు. కుళాయి కాడ ఆడోల్లు కాసులమ్మని అడగడం మొదలెట్టినారు, మీ ఆయన బాతు గుడ్డెట్టిందా లేదా అని. బండియ్య బోటు కాయితం కూడా ఆ పెట్టెలోనే ఉండిపోనాది, ఆయన మాత్రం మాట తప్పలేదు. సివరికి సంఘంలో ఏటనుకున్నారంటే, వేట తెరిసీలోగా ఆ పెట్టె లెగకపోతే ఇంక మన కాయితాల పని టౌను షాపోడికి రాసిచ్చీద్దాం అని. అంటే ఎల్లాజీ మల్లీ ఒడ్డున కూకోవాల. ఆ మాట ఎల్లాజీ ముందరే అన్నారు. ఆడు గోడకేసి సూస్తా విన్నాడంట.

ఇక్కడిలగుంటే అక్కడ కాకినాడలో ఏమైందంటే, సక్రధరుకి పొద్దుపోడం లేదు. గుంపులో ఆడికి ఎదురు సెప్పీవోడు ఇంకెవుడూ లేడు. అందరూ ఆడు వాడేదే వాడితే ఆడు ఎవుడితో తగువాడతాడు? నంబరు సూసి ఫోన్ సేసినాడు. "ఏవండీ ఎల్లాజీ గారూ, బాగున్నారాండీ. వారం అయిపోయిందండి మీరు తిట్టి. ఒంట్లో గాని బాలేదాండీ?" ఎల్లాజీ జరిగింది సెప్పినాడు. ఆడు ముందు ఎకసెక్కమనుకున్నాడు, తరవాత నవ్వినాడు, నవ్వి నవ్వి "ఎంతండీ తప్పు, ఫోన్లో పంపించేస్తాను" అన్నాడు. "ఫోన్లో అవదు. నువ్వు రావాల." "కాకినాడ నుంచాండీ?" "మాట కాకినాడ నుంచే వొచ్చింది కదా." ఆడు అన్నాడంట, "వస్తానండి. ఒకటే అండి, మాదే మంచిదని గుంపులో మీ పేరుతో రాయండి. ఆ ఒక్క ముక్క రాయండి, బస్సెక్కేస్తాను."

ఎల్లాజీ ఫోన్ ఎట్టీసినాడు. కాసులమ్మ పక్కనే ఎండుసేపలు తిరగేస్తన్నాది, అంతా వినింది. "రాసీ మావా. నాలుగక్షరాలు. రాస్తే నీ వొల్లేటీ అరిగిపోదు." "అది అబద్దమే." "మొన్న సంఘంలో పెద్దాయన బోటు వయసు తగ్గించి రాసినావు, అది నిజమేటి?" "అది కాయితం. ఇది వేరు." "ఏటి వేరు?" ఆడు సేతికేసి సూసుకున్నాడంట, ఆ మూడు ఏల్లు లేని సేతికేసి. కాసులమ్మ కూడా సూసింది. సూసి, "నాను టౌన్లో సేపలమ్ముకొస్తాను, నువ్వు ఇంట్లో వొండు, అలగే బతుకుదాం, నాకేటి" అనీసి తట్టెత్తుకుని ఎల్లిపోనాది. ఏడవలేదు, తిట్టలేదు. దానికి పనుంది.

అది ఎల్లినాక ఎల్లాజీ ఏటాలోసించుకున్నాడో గానీ, ఎట్టీసిన ఫోన్ మల్లీ తీసినాడు. రెండేల్లలో మొదటిసారి ఫోన్లో రాసినాడు. రాస్తాడు, సెరుపుతాడు. పొద్దు వాలీదాకా రాసింది ఇంత: "సక్రధరు వాడేది ఎక్కువమంది వాడతారు. అది నిజం. ఇంతకంటే రాయను." గుంపంతా సదివింది. ఎవుడో సేతులు కొట్టే బొమ్మెట్టినాడు. సక్రధరు ఫోన్ సేసి "ఇది మంచిదన్నట్టు కాదు కదండీ" అన్నాడు. "కాదు." "ఇంకోలా రాయరా?" "రాయను." ఆడు నిట్టూర్చి "పొద్దున్న బస్సెన్నింటికండీ" అన్నాడంట. వాదించడానికి మనిసి కావాలి కదా ఆడికీ.

వొచ్చినాడు. తెల్ల సొక్కా, బూట్లు, సేతిలో బేగు. ఇసకలో ఆ బూట్లతో నడవలేక మనిసి సూడ్డానికి నవ్వొచ్చీలా ఉన్నాడంట. జనమంతా సుట్టూ మూగినారు. బండియ్య "నువ్వేనా బాబూ సావు మాటన్నది" అంటే "నేనేనండి, ఇలాగని తెలీదండి" అన్నాడు. తప్పు యాభై ఒక్క రూపాయన్నారు, మారాడకుండా కట్టినాడు. కాయ కొట్టినాడు. తలుపు తీసినారు, టార్పాలిను లాగినారు. సక్రధరు ఆ పెట్టెని సూసి "దీన్లోనాండీ మీరు ఇన్నాల్లూ?" అన్నాడు మెల్లగా. అప్పుడు బండియ్య కోడలు బిందెడు పసుపునీల్లు తెచ్చి ఆడి సేతికిచ్చి "పొయ్యి బాబూ, మూతి మీద పొయ్యి" అనింది. అంతే, ఎల్లాజీ అడ్డం పడిపోయినాడు, సక్రధరు బిందె కింద ఎట్టీసినాడు, ఇద్దరూ ఒక్క నోటితో "దాని మీద నీల్లు పొయ్యకూడదు" అన్నారు. రెండేల్లలో ఆల్లిద్దరూ కలిసి అన్న మాట అదొక్కటే. పొయ్యకపోతే తప్పు తీరదంతాడు బండియ్య, పోస్తే పెట్టె ఉండదంతారు ఈల్లు. వైర్లు పీకి సూపించి, ఇక్కడ తడిస్తే ఇలగవుతాదని ఒకడు, అక్కడ తడిస్తే అలగవుతాదని ఇంకొకడు, ఒకడి మాట ఒకడు అందుకుని సెప్పినారు. సివరికి బల్ల కాల్లకి పొయ్యమన్నారు. పోసినాడు. ఎల్లాజీ మీట నొక్కితే పెట్టె లెగిసింది. ఆ పూటే బండియ్య బోటు కాయితం బయటికొచ్చింది, ప్రింటర్ కూడా మాటిన్నాది. టౌను షాపు మాట మల్లీ ఎవుడూ ఎత్తలేదు.

అక్కడితో అయిపోతే బాగున్ను. భోజనం పెట్టినారు, కొర్రమీను పులుసు, కాకినాడోడు బాగా తిన్నాడు. తిని, సెయ్యి కడుక్కుని, బండియ్యని అడిగినాడంట, "పెద్దాయనా, ఈ తప్పు మీ ఊరి పెట్టెకేనాండీ, మా ఊరి పెట్టెకి కూడానాండీ?" "పెట్టె ఎక్కడున్నా పెట్టే. మీదానితో నీకు కూడొస్తాదా?" "దాంతోనేనండి మా షాపంతా." "అయితే అదీ పడవే." "అయితే ఇది వినండి" అని ఫోన్ తీసి సదవడం మొదలెట్టినాడు. ఎల్లాజీ రాసినవే. బోటు మీద పెరిగినోడు కదా, కోపమొస్తే ఆడి నోట్లోంచి సముద్రమే వొస్తాది. నీది నడి సముద్రంలో మునుగుతాది. నీది అడుగు పగిలి సస్తాది. నీది ఇయేలో రేపో మునిగిపోద్ది. ఒక్కోటీ సదూతుంటే బండియ్య ఒక్కో గవ్వ పక్కనెడతన్నాడు. నవ్వకండి. అక్కడ ఒక్కడూ నవ్వలేదంట. సదవడం అయిపోయీసరికి నలబై ఆరు గవ్వలు. "పాపం నువ్వు ఇన్నాల్లూ ఆ పడవ మీదే ఎల్లావా బాబూ" అన్నాడంట బండియ్య సక్రధరుతో. తరవాత ఎల్లాజీకేసి తిరిగి, "కాకినాడెల్లి, ఆ షాపులో బల్ల కాల్లకి పసుపునీల్లు పోసి, తప్పు కట్టిరా. మాటకి యాభై ఒకటి" అన్నాడు.

ఎల్లాజీ ఎల్లినాడు. కాసులమ్మ కూడా ఎల్లింది, డబ్బు దాని కొంగులోనే ఉంతాది మరి. ఎవరిది గొప్ప పెట్టో నాకు తెలీదు, ఇప్పటికీ ఆల్లిద్దరూ రాసుకుంతానే ఉన్నారంట, కాపోతే ఎవుడూ మునుగుతాదనడం లేదు. నాకు తెలిసిందల్లా, ఎండుసేపలమ్మిన డబ్బుల్లోంచి కాసులమ్మ ఆ షాపు బల్ల మీద ఒక్కో నోటూ తడిమి తడిమి లెక్కెట్టింది రెండు వేల మూడు వందల నలబై ఆరు రూపాయలు.